నయారా మెయిళ్లు ఆగాయి సరే, రేపు మన కంపెనీవి ఆగితే?

వాడినార్_వాచర్:
2025 జులై 18న యూరోపియన్ యూనియన్ రష్యా మీద 18వ విడత ఆంక్షలు పెట్టింది. రష్యా చమురు కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి 49.13 శాతం వాటా ఉన్న, గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ నడిపే మన నయారా ఎనర్జీ కూడా జాబితాకెక్కింది. మైక్రోసాఫ్ట్ వెంటనే వాళ్ల మెయిల్, టీమ్స్ ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకి వెళ్లిన కొద్ది రోజుల్లోనే మళ్లీ ఇచ్చింది. కంపెనీ అమెరికాది, చట్టం యూరప్‌ది, డబ్బు కట్టిన కస్టమర్ ఇక్కడివాడు. ఇంతకీ ఈ కంపెనీలు ఏ దేశం మాట వింటాయి? సర్వర్ పుణెలోనో చెన్నైలోనో ఉంటే కాస్తయినా రక్షణ ఉంటుందా?

టెనెంట్_అడ్మిన్:
ఆపేసేది సర్వర్‌ని కాదండి, లాగిన్‌ని. డేటా చెన్నైలో భద్రంగానే ఉంటుంది, టెనెంట్ (క్లౌడ్‌లో మీ కంపెనీకి కేటాయించిన ఖాతా) సస్పెండ్ అయితే మీరు దాని గడప తొక్కలేరు. డేటా గోప్యత విషయంలోనూ అంతే: అమెరికా 2018 క్లౌడ్ యాక్ట్ ప్రకారం డేటా ఏ దేశంలో ఉన్నా, అది అమెరికన్ కంపెనీ అధీనంలో ఉంటే అమెరికా కోర్టు అడగొచ్చు.

దెబ్బ ఎక్కడ తగులుతుందో చాలామంది తప్పుగా ఊహిస్తారు. మెయిల్ పోవడం అందులో చిన్న భాగం. పేరోల్, వీపీఎన్, టికెటింగ్ అన్నీ అదే సింగిల్ సైన్ ఆన్ (అన్నిటికీ ఒకే లాగిన్) మీద నడుస్తుంటే అన్నీ ఒకేసారి పోతాయి. ల్యాప్‌టాప్‌ల బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీలు మైక్రోసాఫ్ట్ లాగిన్ సర్వీసు ఎంట్రాలోనే ఉంటే, టెనెంట్ పోయాక బయోస్ అప్‌డేట్ అయి కీ అడిగిన ప్రతి మెషీనూ ఇటుకే. కీలు ఎక్స్‌పోర్ట్ చేసి ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. ఎమర్జెన్సీ అడ్మిన్ ఖాతా ఉందిలే అనుకోకండి, అది కూడా ఆ టెనెంట్‌లోదే.

మెయిల్‌కి ఇంకో ప్రొవైడర్‌ని ముందే సిద్ధం చేసుకోవాలి. ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే డొమైన్ సెట్టింగ్) టీటీఎల్, అంటే దాని కాపీని ఇతర సర్వర్లు దాచుకునే గడువు, 3600 సెకన్లు ఉంటే 300కి దించాలి. ఈ పని గొడవకి ముందే జరగాలి. ఆ రోజు దించితే పాత విలువ ఆ దాచుకున్న కాపీల్లో ఇంకో గంట కూర్చుంటుంది. కొత్త ప్రొవైడర్‌ని ఎస్‌పీఎఫ్‌లో (మీ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా) చేర్చి, డీకిమ్ కీ (మెయిల్ మీదేనని రుజువుచేసే డిజిటల్ సంతకానిది) కూడా పబ్లిష్ చేసి ఉంచండి. లేకపోతే మారిన మొదటి రోజు మీ ఇన్‌వాయిస్‌లన్నీ స్పామ్‌లో పడతాయి.

సిలికాన్_శాస్త్రి:
ఏ దేశం మాట వింటాయన్నది చిప్‌ల వైపు చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. టీఎస్ఎంసీ ఇతరుల డిజైన్లకి చిప్‌లు తయారుచేసే తైవాన్ కంపెనీ, చైనా కంపెనీ హువావే అప్పట్లో దాని పెద్ద కస్టమర్లలో ఒకటి. 2020 మే 15న అమెరికా నియమం మార్చింది: అమెరికన్ పరికరాలతో, సాఫ్ట్‌వేర్‌తో హువావే డిజైన్ చిప్ తయారుచేస్తే లైసెన్సు కావాలి, ఏ దేశంలో తయారైనా సరే. 120 రోజుల గడువు. సెప్టెంబర్ మధ్యకల్లా సరఫరా ఆగింది. అమెరికన్ కంపెనీలు అప్లైడ్ మెటీరియల్స్, లామ్ యంత్రాలు లేకుండా అడ్వాన్స్‌డ్ ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) నడవదు కాబట్టి ఆ ఒక్క నియమమే సరిపోయింది.

ఎన్‌విడియా కథ వేరు. 2022 అక్టోబర్‌లో చైనాకి ఎగుమతులపై అమెరికా పెట్టిన నియమాల్లో చిప్‌ల మధ్య డేటా వేగానికి సెకనుకి 600 గిగాబైట్ల హద్దు పెట్టారు. కంపెనీ తన ఏఐ చిప్ ఏ100ని 400కి తగ్గించి ఏ800 అని చైనాకి అమ్మారు. ఏడాది తిరిగేసరికి 2023 అక్టోబర్‌లో ఆ హద్దు తీసేసి, మొత్తం కంప్యూట్ శక్తినీ దాని సాంద్రతనీ కొలమానం చేశారు. ఏ800 పోయింది, చైనా కోసం ఇంకా శక్తి తగ్గించిన హెచ్20 వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దానికీ లైసెన్సు అన్నారు, కంపెనీ ఆ త్రైమాసికంలో 450 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది. ఆగస్టులో ఆదాయంలో 15 శాతం ప్రభుత్వానికిచ్చే ఒప్పందం మీద మళ్లీ తలుపు తీశారు. దేశభద్రతకి 15 శాతం రేటు కట్టడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. ఈలోగా బీజింగ్ హెచ్20లో బ్యాక్‌డోర్లు ఉన్నాయా అని కంపెనీని పిలిచి అడిగింది.

గ్రీన్‌కార్డ్_గోడు:
మనవాళ్లకి నేరుగా తగిలేది ‘యూఎస్ పర్సన్’ నియమం. 2022 అక్టోబర్ నుంచి అమెరికన్ పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చైనాలోని అడ్వాన్స్‌డ్ ఫ్యాబ్‌లకి లైసెన్సు లేకుండా సాయం చేయకూడదు. వస్తువు అమెరికాది కాకపోయినా సరే. చిప్ తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ డచ్ కంపెనీ అయినా, తన అమెరికన్ ఉద్యోగులని చైనా కస్టమర్ల సర్వీసు పనులు ఆపేయమంది. గ్రీన్‌కార్డుతో హైదరాబాద్ ఆఫీసుకి వచ్చి పనిచేస్తున్నా ఈ నియమం మీ వెంటే వస్తుంది.

హెచ్1బీ వాళ్లకి ఇంకోటుంది, డీమ్డ్ ఎక్స్‌పోర్ట్. అమెరికా ఆఫీసులో పక్క సీటు ఇంజినీర్‌కి నియంత్రిత టెక్నాలజీ చూపించినా అతని దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. చివరగా పొందిన పౌరసత్వం లేదా శాశ్వత నివాసం చూస్తారు, పుట్టిన దేశం కాదు. హెచ్1బీ కోసం కంపెనీ వేసే దరఖాస్తు ఐ-129 ఆరో భాగంలో కంపెనీ సంతకం పెట్టేది దీని గురించే. గ్రీన్‌కార్డు రాగానే ఈ బాధ పోతుంది, పై పేరాలోది మొదలవుతుంది.

చైనా_డెస్క్:
రెండో వైపు కూడా రాయాలి. చైనా 2021 జూన్‌లో విదేశీ ఆంక్షల వ్యతిరేక చట్టం తెచ్చింది. అమెరికా మాట విని చైనా సంస్థ మీద ఆంక్షలు అమలుచేస్తే అక్కడి కోర్టులో దావా వేయొచ్చు. 2023 మేలో అమెరికన్ కంపెనీ మైక్రాన్ మెమరీ చిప్‌లు కీలక మౌలిక వ్యవస్థల్లో కొనొద్దన్నారు.

అన్నిటికన్నా చక్కటి ఉదాహరణ నెక్స్‌పీరియా. నెదర్లాండ్స్‌లో చిప్ కంపెనీ, వింగ్‌టెక్ అనే చైనా యజమాని. 2025 సెప్టెంబర్ 30న డచ్ ప్రభుత్వం 1952 నాటి చట్టం తీసి కంపెనీ నిర్ణయాల మీద పట్టు తీసుకుంది. నాలుగు రోజులకి చైనా తన గడ్డ మీదున్న నెక్స్‌పీరియా ప్లాంటు నుంచి ఎగుమతులు ఆపింది. వేఫర్లు (చిప్‌లు చెక్కే సిలికాన్ పలకలు) యూరప్‌లో, వాటిని కోసి ప్యాకేజింగ్ చేసేది ఎక్కువగా చైనాలో. పైసల్లో దొరికే డయోడ్‌లు, ట్రాన్సిస్టర్‌లు రాక హోండా మెక్సికోలో ఉత్పత్తి ఆపింది.

వాడినార్_వాచర్:
మాది 40 మంది కంపెనీ. ఇవన్నీ ఒకేసారి చేయలేం. ముందు ఏది?

టెనెంట్_అడ్మిన్:
డొమైన్. రిజిస్ట్రార్ (మీరు డొమైన్ పేరు కొన్న కంపెనీ) ఖాతాకి రికవరీ ఈమెయిల్ ఏం పెట్టారో ఇవాళే చూడండి. అది కూడా మీ కంపెనీ మెయిలే అయితే, మెయిల్ ఆగిన రోజు ఓటీపీ ఆ ఆగిన పెట్టెలోకే వస్తుంది. ఎంఎక్స్ మార్చడానికి లోపలికే పోలేరు. వేరే ప్రొవైడర్ మెయిల్ పెట్టి, ఇద్దరి దగ్గర హార్డ్‌వేర్ కీ (లాగిన్‌కి వాడే చిన్న పరికరం) ఉంచండి. ఆ తర్వాత బిట్‌లాకర్ కీలు. ఆ తర్వాతే కాంట్రాక్టు తీసి, సస్పెన్షన్ నిబంధనలో ‘వర్తించే చట్టం’ అన్నచోట ఏ దేశాల పేర్లున్నాయో లాయర్ని అడగండి.