జనవరిలో డెలివరీ: స్ట్రోలర్ ఏది కొనాలి?

ఇర్వింగ్ నుంచి (కొత్త): అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. రిజిస్ట్రీ (పుట్టబోయే బిడ్డకి కావాల్సిన వస్తువుల) జాబితా చూస్తే డెబ్భై వస్తువులున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. ఉన్నది ఒకటే కారు, రెండు గదుల అపార్ట్‌మెంట్. స్ట్రోలర్ ఏది మంచిది? అమ్మ గుంటూరు నుంచి వస్తోంది, ఏమైనా తెమ్మనమంటారా?

ప్లేనో అక్క: స్ట్రోలర్ ఎక్కడికీ పోదమ్మా, ముందు కార్ సీట్ సంగతి చూడండి. 35వ వారం కల్లా అది కారులో బిగించి ఉండాలి. కొత్తదే కొనండి. వాడిన సీటు ఎంత శుభ్రంగా ఉన్నా, యాక్సిడెంట్‌లో దెబ్బతిన్నదో లేదో కంటికి కనపడదు. తయారైన తేదీ, గడువు సీటు మీదే ఉంటాయి. ఖరీదు గురించి బెంగ వద్దు. ఇక్కడ అమ్మే ప్రతి సీటూ ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213 అనే ఫెడరల్ ప్రమాణానికి లోబడాల్సిందే. ఎక్కువ డబ్బు పెడితే మెత్తటి గుడ్డ, తక్కువ బరువు, బిగించడంలో సులువు వస్తాయి.

అసలు తప్పులన్నీ బిగించేటప్పుడే జరుగుతాయి. కారు సీట్ బెల్టుతో గానీ, కింద ఉండే లాచ్ కొక్కేలతో గానీ బిగించాలి. మాన్యువల్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప రెండూ కలిపి వేయొద్దు. బెల్టు దూరే చోట పట్టుకుని కుదిపి చూడండి, అంగుళానికి మించి కదలకూడదు. చాలామంది పైఅంచు పట్టుకుని ఊపి భయపడతారు. పసిబిడ్డ కారు వెనకవైపు చూసేలా బిగించే సీటుకి ఆ అంచు కాస్త ఊగడం మామూలే. పట్టీలు బిడ్డ భుజాలకు సమానంగా గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లండి, మడత చిక్కిందంటే వదులుగా ఉన్నట్టే. జనవరి చలి అని ఉబ్బు జాకెట్ మీద పట్టీ వేయొద్దు. గుద్దుకున్నప్పుడు జాకెట్ అణిగి పట్టీ వదులైపోతుంది. పల్చటి బట్టలతో బిగించి, పైన దుప్పటి కప్పండి. సీటుతో పాటు రాని తల దిండ్లు, పట్టీ తొడుగులు అసలు కొనొద్దు.

ఎడిసన్ అన్న: అంతా సరే గానీ అక్కగారూ, ఒకటే కారు ఉన్నవాళ్లకి బుట్టలా చేతికి వచ్చే ఇన్‌ఫెంట్ సీటు దండగ. నేరుగా కన్వర్టిబుల్, అంటే ముందు వెనక్కి తిప్పి, పెద్దయ్యాక ముందుకి తిప్పి వాడే సీటు కొంటే చాలా వాటిలో 40 పౌండ్ల దాకా వెనక్కి తిప్పి వాడొచ్చు. బుట్ట సీట్లలో చాలా వాటికి పొడవు హద్దు 30, 32 అంగుళాలే. బరువు హద్దు రాకముందే పిల్లలు పొడవు దాటిపోతారు. పైగా సిజేరియన్ అయితే ఆ బుట్టని బిడ్డతో సహా తల్లి ఎత్తకూడదు.

ప్లేనో అక్క: బిడ్డ ఐదారు పౌండ్లతో పుడితే ఏం చేస్తారన్నయ్యా? కొన్ని కన్వర్టిబుల్స్‌లో అన్నిటికంటే కింది పట్టీ గాడి కూడా చిన్న బిడ్డ భుజాల కంటే పైనే ఉంటుంది. ఆ గాడి ఎత్తు, కనీస బరువు చూసుకోకుండా కొనమనడం సరికాదు.

ఎడిసన్ అన్న: ఒప్పుకుంటాను, ఆ రెండూ చూసే కొనాలి. బుట్ట సీటు కొన్నా ఇంటికి రాగానే బిడ్డని అందులోంచి తీసేయాలి. నేల మీద పెట్టి నిద్రపుచ్చితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి అందదు.

శాన్ హోసే పిన్ని: పడక గురించి ఎవరూ చెప్పలేదే! సమతలంగా, గట్టిగా ఉండే పరుపు, బిగుతైన దుప్పటి, దాని మీద వెల్లకిలా బిడ్డ. అంతే, ఇంకేం వద్దు. దిండు, బొమ్మ, చుట్టూ మెత్తలు, ఏవీ ఉండకూడదు. ఆ మెత్తల్ని, 10 డిగ్రీలు దాటి వాలుగా ఉండే పడకల్ని 2022లో చట్టం చేసి నిషేధించారు. పాత క్రిబ్ (చుట్టూ కమ్మీలుండే పిల్లల మంచం) ఎవరైనా ఇస్తే ఒక పక్క గోడ కిందికి జారుతుందేమో చూడండి. 2011 జూన్ నుంచి అలాంటివి అమ్మకూడదు. కమ్మీల మధ్య సందు 2⅜ అంగుళాలు దాటకూడదు. చోటు తక్కువైతే మడతపెట్టే ప్లేయార్డ్ (వల గోడలుండే పిల్లల పడక) చాలు. పల్చగా ఉందని దానిలో ఇంకో పరుపు వేస్తే మాత్రం అంచున సందు పడి, బిడ్డ ముఖం అందులో ఇరుక్కుంటుంది.

అమ్మగారిని ఆవాల దిండు తేవద్దనండి. తల చదునవుతుందని బెంగ ఉంటే మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట కాసేపు బోర్లా వేయండి, పడుకోబెట్టేటప్పుడు రోజూ తల దిక్కు మార్చండి. కాటుక కూడా వద్దు, అక్కడి కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ఏడాది లోపు తేనె నాకించొద్దు. తెమ్మనాల్సింది ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, ముడివేసే జుబ్బాలు. చీరని గజం చొప్పున చింపితే పాలు కక్కినప్పుడు తుడవడానికి ఇక్కడ దొరికే ఏ గుడ్డా దానికి సాటి రాదు.

ప్లేనో అక్క: బ్రెస్ట్ పంప్ కొనకండి, చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు ఇస్తాయి. ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేసి 'డీఎంఈ సప్లయర్లు ఎవరు, ఎన్నో వారం నుంచి పంపుతారు' అని అడగండి. డీఎంఈ అంటే ఇంట్లో వాడే వైద్య పరికరాలు. గైనకాలజిస్ట్ దగ్గర ప్రిస్క్రిప్షన్ తీసుకోండి. పంపుతో వచ్చే, రొమ్ముకి ఆనించే గరాటు తరచు 24 మిల్లీమీటర్లది, అందరికీ అది సరిపోదు. పెద్దదైనా చిన్నదైనా పుండు పడుతుంది, పాలూ సరిగా రావు. కొలిచి మార్చుకోండి. పిండిన పాలు బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. వైప్ వార్మర్, స్టెరిలైజర్ దండగ. సీసాల్ని గిన్నెలో మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచితే చాలు. న్యూబార్న్ సైజు డైపర్లు ఒక్క ప్యాకెట్ మించి కొనొద్దు, బిడ్డ 10 పౌండ్లకి రాగానే ఆ సైజు చాలదు.

ఎడిసన్ అన్న: పాపం, ఆవిడ అడిగిన స్ట్రోలర్ అలాగే ఉండిపోయింది. అది వాడినదైనా పర్లేదు. బ్రేకు వేసి తోసి చూడండి, మడత తాళం పడుతోందో చూడండి, లోపం ఉందని కంపెనీ రీకాల్ చేసిందేమో, అంటే వెనక్కి పిలిచిందేమో, మోడల్ నంబర్‌తో వెతకండి. గొడుగులా మడిచేవి పిల్లలు తల నిలిపి కూర్చునే దాకా, అంటే దాదాపు ఆరు నెలల దాకా పనికిరావు. ముందు డిక్కీ కొలుచుకోండి. మడిచాక కూడా చక్రాలు అడ్డొచ్చి మూత పడని స్ట్రోలర్లు చాలా ఉన్నాయి.