దహ్‌సాలా అంటే పదేళ్ల ఒప్పందమా, పదేళ్ల సగటా? అక్బర్ శిస్తు లెక్కలో డౌటు

గ్రూప్స్‌_2వసారి:
ఒక గైడులో దహ్‌సాలా అంటే రైతుతో పదేళ్లకు చేసుకున్న ఒప్పందం అని ఉంది. ఇంకోదాంట్లో పదేళ్ల సగటు అని రాశారు. ఏది కరెక్టు? అలాగే మూడో వంతు శిస్తు అంటే ప్రతి రైతు పండించినదాంట్లో మూడో వంతేనా? తెలిసినవాళ్లు కాస్త లెక్కతో సహా చెప్పగలరు.

పాతదస్త్రం:
సగటే కరెక్టండీ. ఒప్పందం అన్నది పొరపాటు, దాన్ని మర్చిపోండి.

1580కి ముందు చిక్కంతా ధరలతో వచ్చింది. శిస్తు గింజల్లో లెక్కగట్టి, ఆ ఏటి ధరతో గుణించి డబ్బుగా మార్చేవారు. ఆ ధరలు ఏటా ఊళ్ల నుంచి దర్బారుకు వెళ్లి, మంజూరై తిరిగి రావాలి. రాజ్యం పెరిగేకొద్దీ ఆ కాగితాలు రావడం ఆలస్యమైంది. ఈలోగా శిస్తు ఎక్కువ పడిందని రైతులు మొత్తుకునేవారు, బకాయిలు పేరుకున్నాయని జాగీర్దార్లు గొణిగేవారు.

అందుకే అక్బర్ పాలనలో 15వ ఏడు నుంచి 24వ ఏడు దాకా వేసిన రేట్లన్నీ కూడి, అందులో పదో వంతును ఏటి రేటుగా ఖాయం చేశారు. అయితే ఆ పదేళ్లలో చివరి ఐదేళ్లకే పక్కా లెక్కలున్నాయి. మొదటి ఐదేళ్లవి నమ్మకస్తులు చెప్పిన మాట మీద రాసుకున్నవి. కాబట్టి సగటు అన్నా మరీ నిక్కచ్చి సగటేమీ కాదు.

అసలు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. స్థిరమైంది రేటు మాత్రమే, రైతు కట్టే మొత్తం కాదు. ఒక్కో ప్రాంతానికి, ఒక్కో పంటకి బిఘాకి (అప్పటి నేల కొలత) ఇన్ని దాములని దస్తూరు, అంటే రేట్ల పట్టిక, ఉండేది (40 దాములు ఒక రూపాయి). ఖరీఫ్‌కి, రబీకి విడివిడిగా వేసిన విస్తీర్ణం కొలిచి, పంట పోయిన మేర తీసేసి, మిగిలినదాన్ని ఆ రేటుతో గుణించేవారు. చెరకు, నీలి మందు లాంటివాటికి మొదట్నుంచీ డబ్బు రేటే.

ఇంకోటి. పేరు అక్బర్ రెవెన్యూ మంత్రి తోడర్‌మల్‌కి వచ్చింది గానీ, ఆ సమయంలో ఆయన్ని బెంగాల్ పంపేశారు. పని ముగించింది దివాన్ ఖ్వాజా షా మన్సూర్.

మణుగు_సేరు:
మూడో వంతు సంగతి నేను చెప్తాను, ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

అక్బర్ పాలన వివరాలున్న ఐన్-ఇ-అక్బరీ పుస్తకంలో గోధుమ లెక్క చూడండి. ఇది షేర్షా కాలపు పట్టిక, అక్బర్ తొలినాళ్లలోనూ నడిచింది. ఏటా సాగయ్యే పోలజ్ భూమిలో బిఘాకి మంచి నేల 18 మణుగులు, మధ్యరకం 12, నాసిరకం 8 మణుగుల 35 సేర్లు. మణుగుకి 40 సేర్లు. మొత్తం 38 మణుగుల 35 సేర్లు. దాన్ని మూడుతో భాగిస్తే సగటు దిగుబడి 12 మణుగుల 38¼ సేర్లు. అందులో మూడో వంతు 4 మణుగుల 12¾ సేర్లు. ఇదీ శిస్తు, మూడు రకాల నేలకీ ఒకటే.

ఇప్పుడు తిరగేసి చూడండి. మంచి నేల ఉన్నవాడికి ఇది పంటలో 24 శాతం, మధ్యరకం వాడికి 36 శాతం. నాసిరకం నేల వాడికి 48 శాతం పైనే, అంటే దాదాపు సగం! మూడో వంతు అన్నది సగటులోనే ఉంది, ఏ ఒక్కడి చేలోనూ లేదు. మెయిన్స్‌లో ఈ ముక్క రాస్తే వందమందిలో వేరుగా కనిపిస్తారు.

పోలజ్, పరౌతీ, చాచర్, బంజర్ అన్నవి నేల నాణ్యత కాదు, ఎన్నాళ్లు బీడు పెట్టారన్నదాన్ని బట్టి. మంచి, మధ్య, నాసి అన్నది మళ్లీ వేరే విభజన. ఈ రెండూ కలిపేయకండి.

గొలుసు_గుంట:
కొలత దగ్గర కూడా కిటుకుంది. బిఘా అంటే 60 గజాలు × 60 గజాలు, 3,600 చదరపు గజాలు. మొదట్లో జనపనార తాడుతో కొలిచేవారు. పొద్దున్నే మంచుకు తడిస్తే తాడు కుంచించుకుపోతుంది, ఎండెక్కాక సాగుతుంది. పొట్టి తాడుతో కొలిస్తే అదే చేను ఎక్కువ బిఘాలు తేలుతుంది, రైతుకి నష్టం. సాగితే ఖజానాకి నష్టం. 60 గజాల తాడు 2 గజాలు తగ్గిందనుకోండి, రెండు వైపులా తగ్గుతుంది కాబట్టి విస్తీర్ణం 7 శాతం ఎక్కువ పడుతుంది. అందుకే 19వ పాలనా సంవత్సరంలో ఇనుప కడియాలతో కలిపిన వెదురు ముక్కల జరీబు తెచ్చారు.

ఆ గజం మన 36 అంగుళాల గజం కాదు. అక్బర్ పెట్టిన దాని పేరు ఇలాహీ గజం, తర్వాత ఇంగ్లీషువాళ్లు దాన్ని 33 అంగుళాలకు ఖాయం చేశారు. ఆ లెక్కన బిఘా మన గజాల్లో 3,025 చదరపు గజాలు, అంటే సరిగ్గా 25 గుంటలు. అక్బర్ నాటిది ఇంతకంటే కాస్త తక్కువే ఉండొచ్చు.

గ్రూప్స్‌_2వసారి:
అందరికీ థాంక్సండీ. మన వైపు కూడా ఇదే నడిచిందా? పహాణీలో (భూమి రికార్డు) ఉండే ఫసలీ సంవత్సరం అక్బర్‌దేనా?

పాతదస్త్రం:
లేదండీ. అక్బర్ కాలంలో ఇక్కడ కుతుబ్‌షాహీలు. గోల్కొండలో శిస్తు వసూలు ఇజారాకి పాడుకునేవారు, ఎక్కువ పాడినవాడికే సర్కారు (జిల్లా లాంటి ప్రాంతం) వసూలు దక్కేది. అక్బర్ రాజ్యంలో కూడా బెంగాల్‌లో ఈ కొలత లేదు.

ఫసలీ మాత్రం అక్బర్ ఆలోచనే. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు పొట్టి, ఏటా కోతల కాలం నుంచి జరిగిపోతుంది, దాంతో శిస్తు గడువు పెట్టలేరు. అయితే మన రికార్డుల్లో ఉన్నది దక్కన్ ఫసలీ, షాజహాన్ కాలంలో మొదలైంది. దానికి 590 కలపండి. ఫసలీ 1430 అంటే 2020 జులై నుంచి 2021 జూన్ దాకా. ఉత్తరాది ఫసలీకి ఇదే 590 కలిపితే రెండు మూడేళ్లు తేడా వస్తుంది, అక్కడి పుస్తకం చూసి ఇక్కడి పహాణీ చదవకండి.