పాత స్లాబు మీద మిద్దెతోట: ముందు కారుడు ఆపాలా, వేడి తగ్గించాలా?

ప్రశ్న: గుంటూరు గృహస్థు

అందరికీ నమస్కారం. గుంటూరులో 1999లో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో మేము ఉంటున్నాము. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఆపైన డాబా. స్లాబు మందం నాలుగున్నర అంగుళాలని నాన్నగారి లెక్కల పుస్తకంలో రాసి ఉంది. మొన్నటి తుపాను ముసురు పట్టినప్పటి నుంచి పైవాటా హాల్లో ఈశాన్య మూలన, పిట్టగోడకు సరిగ్గా కిందుగా గోడ చెమ్మెక్కి రంగు పొరలుగా ఊడిపోతోంది. నీళ్ల ట్యాంకు కిందికి వచ్చే పడకగదిలో సీలింగు ఒకచోట చేటంత మేర ఉబ్బి, దాని మధ్య నుంచి తుప్పు రంగు చార దిగింది. కర్రతో తట్టి చూస్తే అక్కడ డొల్ల శబ్దం వస్తోంది.

దీనికి తోడు వేసవిలో పైవాటాలో రాత్రి పదింటికి కూడా సీలింగు కింద సెగ తగ్గదు. మా ఆవిడకు మిద్దెతోట పెంచాలని చాలాకాలంగా కోరిక. పిట్టగోడ వెంబడి ఇటుకలతో తొట్లు కట్టించి, అందులో అడుగు లోతు మట్టి పోయించి కూరగాయలు వేద్దామంటుంది. పనికి పిలిచిన మేస్త్రీలలో ఒకరు డాబా అంతా ఇటుక ముక్కలు పరిచి, సిమెంటు పోసి, పైన టైల్సు వేస్తే కారుడూ వేడీ రెండూ పోతాయంటున్నారు. ఇంకొకరు రసాయనపు పూత రెండు చేతులు, అంటే రెండు పొరలు, వేస్తే చాలంటున్నారు. ఏది ముందు, ఏది తరువాత, మా స్లాబు మట్టి బరువు మోస్తుందా అన్నది తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు

నమస్కారమండీ. మీరు రాసిన మూడింటిలో అన్నిటికంటే ముందు చూడవలసింది పడకగదిలోని ఆ తుప్పు చార. పిట్టగోడ కింద చెమ్మ వల్ల రంగు పోతుంది, కానీ సీలింగులో తుప్పు కనిపించిందంటే స్లాబు లోపలి చువ్వల దాకా నీరు చేరిందని అర్థం. ఇనుము తుప్పు పట్టినప్పుడు అది ఆక్రమించే చోటు అసలు ఇనుముకు రెండు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి చువ్వ కింద ఉన్న కాంక్రీటు పొర విడిపోయి ఉబ్బుతుంది. మీరు విన్న డొల్ల శబ్దం అదే. చాలామంది అక్కడ పుట్టీ పెట్టించి రంగు వేయించేస్తారు, దయచేసి ఆ పని మాత్రం చేయించకండి. లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, ఏదో ఒక రోజు పెచ్చు ఊడి కింద పడుకున్నవారి మీద పడుతుంది. మరమ్మతు అయ్యేదాకా ఆ చోటి కింద మంచం వేయకండి.

డొల్లగా ఉన్న కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కించి, తుప్పును ఇనుప బ్రష్షుతో మెరుపు తేలేదాకా రుద్దించి, తుప్పు నిరోధక పూత వేయించి, ఆ తరువాత పాలిమర్ కలిపిన సిమెంటు మసాలాతో పొరలు పొరలుగా పూడ్పించాలి. శుభ్రం చేశాక చువ్వ లావు బాగా తగ్గిందని తేలితే పక్కన కొత్త చువ్వ జత చేయాలి. అది మేస్త్రీ ఒక్కడి మాట మీద తేల్చే విషయం కాదు కాబట్టి ఆ రోజు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించండి.

అంతకంటే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలాలి. ట్యాంకు కింద కారుతోందంటే అది వాననీరు కాకపోవచ్చు, ట్యాంకు పైపు కీలు దగ్గరి కారుడో, నిండాక పొర్లే నీరో కావచ్చు. వాన లేని వారంలో డాబాను సిమెంటు గట్లతో మూడు నాలుగు మడులుగా విడదీసి, తూములు మూయించి, ఒక్కొక్క మడిలో రెండు అంగుళాల నీరు రెండు రోజుల పాటు నిలబెట్టండి. ఏ మడి నింపినప్పుడు కింద ఏ చోట తడి తేలిందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఏ మడికీ సంబంధం లేకుండా పడకగదిలో తడి పెరిగితే దోషం ట్యాంకుదే.

పూత విషయానికి వస్తే, రెండో మేస్త్రీ చెప్పింది సగం నిజం. పాలిమర్ సిమెంటు పూత మంచిదే, కానీ పగిలిన పాత ప్లాస్టరింగు మీద వేస్తే ఆ పగుళ్లతో పాటే అదీ చీలుతుంది. వదులైన పాత పొర తీయించి, పగుళ్లను కోసి పూడ్పించి, పిట్టగోడ స్లాబును కలిసే మూల పొడవునా గుండ్రంగా గోలా తీయించి, అక్కడ ఫైబర్ జాలీ అతికించి, పూతను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. మొదటి చేయి పొడవువాటుగా వేస్తే రెండోది అడ్డంగా పడాలి. నా అనుభవంలో పాత డాబాల్లో కారుడు నట్టనడుమ కంటే ఈ మూలల్లోనూ, పైపులు స్లాబును దాటే చోట్లా, తూముల చుట్టూనే ఎక్కువ. పూత ఆరాక మళ్లీ నీరు నిలబెట్టి చూసి, అప్పుడు దాని మీద నూటికి ఒకటి చొప్పున, అంటే పది అడుగులకు అంగుళానికి పైగా, తూముల వైపు వాటం ఇచ్చి పలుచటి సిమెంటు పొర వేయించండి. స్లాబు పూర్తిగా ఎండి ఉండాలి కనుక ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం.

ఇక బరువు. మనుషులు తిరిగే డాబాకు మన దేశపు ప్రమాణాల ప్రకారం స్లాబు తన బరువు కాక మోయవలసిన భారాన్ని చదరపు మీటరుకు 150 కిలోలుగా లెక్కిస్తారు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1800 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి అడుగు లోతు మట్టి అంటే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది, ఇటుక గోడల బరువు దానికి అదనం. మూడు అంగుళాల ఇటుక ముక్కల పొర ఒక్కటే 150 కిలోల దగ్గరికి వస్తుంది. పాత స్లాబు మీద ఇటుక ముక్కల పొరా, మట్టి తొట్లూ రెండూ కలిపి ఊహించడం కూడా తగదు. మీకు తోట ముఖ్యమైతే ఇటుక ముక్కల మాట మరిచిపోండి, కట్టుడు తొట్ల మాటా వద్దు. తేలికపాటి కుండీలు, సంచులు వాడి, వాటిని నట్టనడుమ కాక బీముల మీదుగా, గోడల వెంబడి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

సమాధానం: మిద్దెతోట ఇల్లాలు

ఇంజనీరు గారు చెప్పినదానికి తోటవైపు నుంచి కొంత చేర్చదలచుకున్నాను. కట్టుడు తొట్టి బరువుకే కాదు, శుభ్రానికీ అడ్డమే. దాని కింద ఏం జరుగుతోందో ఎన్నటికీ కనిపించదు. కదిలే కుండీ అయితే అప్పుడప్పుడు పక్కకు జరిపి కింద చూడవచ్చు. నేల మీద నల్లటి తడి వలయం, దాని అంచున తెల్లటి ఉప్పు, చీమలు తవ్విపోసిన మట్టి కనిపిస్తే ఆ చోట నీరు కదలకుండా నిలుస్తోందని తెలిసిపోతుంది. అందుకే ప్రతి కుండీ నేలకు నాలుగు అంగుళాలైనా ఎత్తున, కింద గాలి ఆడేలా ఉండాలి. ఇటుకల మీద పెడితే ఆ ఇటుకలను వాటం ఉన్న దిక్కుకే పొడవుగా పేర్చండి, అడ్డంగా పేరిస్తే అవే గట్లవుతాయి. తూము నోటికి జాలీ బిగించి, చుట్టూ గుప్పెడు గులకరాళ్లు పోస్తే ఆకులూ మట్టీ పైపులోకి పోవు.

మట్టి మిశ్రమానికి నేను ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేస్తాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న సంచి తడిసినా ముప్ఫై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి చదరపు మీటరుకు రెండు మూడింటికి మించి పెట్టకుండా, మధ్య నడిచే దారి వదలండి. వంగ, టమాట, బెండలకు ఆ లోతు కావాలి. తోటకూర, పాలకూర, చుక్కకూరలకు ఆరు అంగుళాల ట్రేలు చాలు. కొత్తగా మొదలుపెట్టేవారు ఆకుకూరలతో మొదలుపెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తోటకూర నెల తిరగకుండానే పప్పులోకి వస్తుంది, చేతికి నమ్మకం కుదురుతుంది.

మీ మరమ్మతు వేసవిలోపు పూర్తయితే మృగశిర కార్తెకు బీర, కాకర, పొట్ల విత్తనాలు వేసుకోవచ్చు. తీగలకు పందిరి, ఎండకు సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల ఎలాగూ కావాలి. దయచేసి వాటి గొట్టాల కోసం స్లాబుకు రంధ్రాలు వేయించకండి, కొత్తగా వేసిన పూత అక్కడే పాడవుతుంది. ఖాళీ రంగు డబ్బాల్లో గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోసి, వాటిని పిట్టగోడ వారగా పెట్టి గోడకు క్లాంపులతో కట్టుకుంటే సరిపోతుంది. మీది కోస్తా జిల్లా కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే వల విప్పి మడిచేయాలి, లేకపోతే గాలికి అది తెరచాపై గొట్టాలతో సహా లేచిపోతుంది.

ఇంకొక మాట. పిట్టగోడ పగుళ్లలో పిట్టల రెట్టల ద్వారా రావి, మర్రి మొలుస్తాయి. రెండాకుల దశలోనే వేరుతో సహా పీకి, ఆ చోటు సిమెంటుతో మూయండి. పైపైన తుంచితే వేరు లోపల లావెక్కి గోడను చీలుస్తుంది.

సమాధానం: చల్లని పైకప్పు

వేడి గురించి మాత్రమే రాస్తాను. పగలంతా కాంక్రీటు ఎండను పీల్చుకుని రాత్రి మీ గదిలోకి వదులుతుంది, అందుకే పదింటికి కూడా సెగ. కాబట్టి ఎండను స్లాబు చేరకముందే తిప్పికొట్టడం అన్నిటికంటే చవకైన మార్గం. ఇంజనీరు గారు చెప్పిన సిమెంటు పొర మీద, కుండీలు లేని చోటంతా తెల్లటి ప్రతిఫలన పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదే. ఖర్చు భరించలేనివారు సున్నం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి వేసవి ముందు రెండు చేతులు వేసుకున్నా తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే వానలకు అది కరిగిపోతుంది కనుక ఏటా వేయాలి, పైగా సున్నం కారుడును ఆపదు. తెల్లని డాబా మీద దుమ్ము పేరుకుంటే పూత పనితనం పడిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు కడిగించండి. పడమటి గోడకు కిటికీ సజ్జలు చాలకపోతే అటువైపు తీగపందిరి వేసుకోవడం కూడా మేలు.

మళ్లీ ప్రశ్న: గుంటూరు గృహస్థు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టే మడులు కట్టి నీరు నిలబెట్టాము. ఈశాన్య మూల మడి నింపిన మర్నాటికి హాలు గోడ తడిసింది, మిగతా మడులకు ఎక్కడా తడి రాలేదు. పడకగదిలో మాత్రం ట్యాంకు నుంచి దిగే పైపు స్లాబును దాటే చోట, మోటారు వేసి ట్యాంకు నిండిన ప్రతిసారీ చెమ్మ తేలుతోంది. పొర్లే నీరు పైపు వెంబడి దిగుతోందని మా ఆవిడ కనిపెట్టింది. కట్టుడు తొట్ల ఆలోచన మానుకున్నాము.

ఇక రెండు సందేహాలు. ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టించాలనుకుంటున్నాము, రాయితీ 78,000 రూపాయల దాకా వస్తుందట. వాటికి స్లాబులో బోల్టులు దించుతామంటున్నారు. రెండోది, డాబా మీది వాననీటిని ఇంటి పక్కనే ఇంకుడు గుంతలోకి వదలాలని ఉంది. మాది నల్లరేగడి నేల, పునాదికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు మాత్రమే ఉంది.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు

చాలా చక్కగా పరీక్షించారు. రెండు దోషాలూ విడివిడిగా దొరికాయి కాబట్టి పని చాలా తగ్గుతుంది. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోటు స్విచ్చు పెట్టించి, పొర్లే నీటికి వేరే గొట్టం తూము దాకా వేయించి, పైపు దాటే రంధ్రం చుట్టూ చెక్కించి కుంచించుకుపోని గ్రౌటుతో, అంటే సందులు పూడ్చే జారుడు సిమెంటు మసాలాతో, పూడ్పించండి. ఈ పని ఫిబ్రవరి దాకా ఆగనక్కరలేదు, ఈ వారమే చేయించండి. తుప్పు పట్టిన చోటి మరమ్మతు మాత్రం ఆ కారుడు ఆగి సీలింగు ఆరాకే.

సౌర ఫలకాల కాళ్లకు బోల్టుల బదులు ముందే పోసిన కాంక్రీటు దిమ్మలు వాడమని అడగండి. ఆ దిమ్మలను బీముల మీదికి వచ్చేలా అమర్చాలి, గాలి ఒత్తిడికి తగిన బరువు ఎంతో వారి చేత లెక్క కట్టించాలి. బోల్టులు తప్పవంటే పూత వేయకముందే వాటిని దించి, పూతను వాటి చుట్టూ పైకి ఎక్కించాలి. ఏ పరిస్థితిలోనూ పూత అయ్యాక రంధ్రం వేయనివ్వకండి. ఫలకాల నీడ పడే చోట కుండీలు వద్దు, తీగపందిరి నీడ ఫలకాల మీద పడనివ్వకూడదు.

ఇంకుడు గుంత సంగతిలో మిమ్మల్ని ఆపవలసి వస్తోంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిచ్చి కుంగుతుంది. పునాదికి నాలుగడుగుల్లో గుంత తీసి నీరు వదిలితే పునాది ఒకవైపు మాత్రమే కదిలి గోడలు ఐమూలగా చీలే ప్రమాదం ఉంది. పైగా ఆ నేలలో నీరు త్వరగా ఇంకదు. పునాదికి పది అడుగుల దూరమైనా దొరకనప్పుడు గుంత కంటే సంపే మేలు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే వంద లీటర్లు. గుంటూరులో ఏటా సుమారు 900 మిల్లీమీటర్లు పడుతుంది కాబట్టి, మీ డాబా అంత ఉంటే వృథా తీసేసినా డెబ్భై వేల లీటర్లు మీ తూముల గుండా పోతున్నట్టే. తొలి వాననీరు దుమ్ముతో దిగుతుంది కనుక దాన్ని బయటికి వదిలే మూత గొట్టానికి కింద పెట్టించి, తరువాతి నీటిని ఇసుక, కంకర వడపోత మీదుగా సంపులోకి మళ్లించండి. ఆ నీరు మొక్కలకు బోరు నీటికంటే శ్రేష్ఠం. సంపు గాలి గొట్టానికి దోమతెర తప్పనిసరి, నిండాక మిగిలేది వీధి కాలువలోకి పోయేలా పైపు ఉండాలి.

హాలు గోడ రంగు విషయం అడగలేదు గానీ చెబుతున్నాను. మూల మరమ్మతు అయి, ఒక వానాకాలం గడిచి, గోడ మీద ఉప్పు పొడి తేలడం ఆగిన తరువాతే పుట్టీ, రంగు వేయించండి.

సమాధానం: మిద్దెతోట ఇల్లాలు

ఫిబ్రవరిలో పూత పని అంటే అప్పటిదాకా మీ ఆవిడను ఖాళీగా కూర్చోబెట్టకండి. కింది వాకిట్లో రెండు డ్రమ్ములు పెట్టి వంటింటి తొక్కలు, ఎండుటాకులు పొరలుగా వేస్తూ ఉంటే మృగశిరకు ఎరువు సిద్ధంగా ఉంటుంది. కొబ్బరిపొట్టు దిమ్మ కొంటే దాన్ని రెండు మూడు నీళ్లు మార్చి కడిగి వాడమనండి, అందులోని ఉప్పు లేత మొలకలను మాడుస్తుంది.