స్కీ పాఠాలా, సీజన్ పాసా? అరకొరగా వచ్చినవాళ్లకి సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారమండి. ఇక్కడికి వచ్చాక ఇదే మొదటి చలికాలం. స్కీయింగ్ బొత్తిగా రాదని కాదు. పిజ్జా పెట్టి (స్కీల ముందు మొనలు దగ్గరికి చేర్చి) ఆగగలను, ఎడమకి తిరుగుతాను, కుడికి తిరగమంటే కాళ్లు మాట వినవు. ఆఫీసులో అందరూ సీజన్ పాస్ (సీజనంతా లిఫ్టులెక్కే టికెట్) కొనేయమంటున్నారు. మా ఆవిడకి స్కీయింగ్ అసలు రాదు, పాపకి ఆరేళ్లు. పాస్ కొనమంటారా, పాఠాలకి కట్టమంటారా?

జవాబు 1

పాఠాలే ముందండి. మీ స్థాయివాళ్లకి చాలా కొండల్లో (స్కీ రిసార్టుల్లో) బిగినర్ ప్యాకేజీ అని ఉంటుంది. గ్రూప్ పాఠం, అద్దె సామాను, కింది లిఫ్టులకి మాత్రమే చెల్లే టికెట్, మూడూ కలిపి ఇస్తారు. అది చేతిలో ఉండగా మొత్తం కొండకి విడిగా టికెట్ కొంటే బూడిదలో పోసిన పన్నీరే. మొదటి రోజుల్లో మీరు పై లిఫ్టుల మొహం కూడా చూడరు.

బుక్ చేసేముందు ధరలో ఏమేం కలిశాయో చదవండి. హెల్మెట్ చాలాచోట్ల విడి. స్థాయి అడిగితే నంబరు చెప్పకండి, ఒక్కో స్కూలుది ఒక్కో లెక్క. "గ్రీన్ (అతి సులువైన దారి) మీద ఆగగలను, ఎడమకి తిరుగుతాను, మలుపులు కలపలేను" అని చెప్పండి, సరైన గ్రూపులో వేస్తారు. మీ ఆవిడని మీ గ్రూపులో కలపకండి. ఆవిడ మొదటి గంటంతా ఒంటి స్కీతో జారడం, పడి లేవడం దగ్గరే ఉంటారు.

ప్రైవేటు పాఠానికి చాలాచోట్ల గంటకింత అని లెక్క, మనిషికింత అని కాదు. ఒకే స్థాయివాళ్లు నలుగురు కలిస్తే గిట్టుతుంది. మీ ఇంట్లో ముగ్గురివీ మూడు స్థాయిలు, మీకు నప్పదు. సెలవులు లేని వారం మధ్యలో వెళ్లండి. గ్రూప్ ధరకే ఇద్దరు ముగ్గురుంటారు, ప్రైవేటుతో సమానం.

జవాబు 2

పైన చెప్పింది బాగానే ఉంది గానీ, అడిగింది పాస్ గురించి కదా. లెక్క ఇలా వేయండి. పాస్ ధరని ఒకరోజు టికెట్ ధరతో భాగించాలి. కౌంటర్ దగ్గర బోర్డు మీదున్న ధరతో కాదు, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే పడే ధరతో. "నాలుగు రోజులకే పాస్ డబ్బు వచ్చేస్తుంది" అనేవాళ్లంతా కౌంటర్ ధరతో లెక్కేస్తారు. నిజానికి ఆ నాలుగు ఆరో ఏడో అవ్వొచ్చు. మీరు వెళ్లాలనుకునే రోజుల్లోంచి ప్యాకేజీలో టికెట్ కలిసొచ్చే రోజులు తీసేసి, మిగిలినవి ఈ లెక్కతో పోల్చండి, అప్పుడు తేలుతుంది.

పాసులు వసంతంలో చవక, శరదృతువు పొడుగునా పెరుగుతూ పోతాయి. ఎపిక్, ఐకాన్ లాంటి, చాలా కొండల్లో చెల్లే పెద్ద పాసులు డిసెంబరులో అమ్మకం ఆపేస్తాయి. చవక రకాలకి బ్లాకవుట్ తేదీలు, అంటే పాస్ చెల్లని రోజులుంటాయి. క్రిస్మస్ వారం, పొడుగు వారాంతాలు, అంటే సరిగ్గా మీకు సెలవు దొరికే రోజులు. మధ్యేమార్గంగా రోజుల లెక్కన అమ్మేవి ఉన్నాయి. ఎపిక్‌లో ఒకటి నుంచి ఏడు రోజుల దాకా ఎంచుకోవచ్చు. ఒకరి పాస్ ఇంకొకరు వాడకూడదు. గేటు దగ్గర ఫొటో కనబడుతుంది, పట్టుకుంటే రద్దు చేస్తారు.

జవాబు 3

పాసూ పాఠమూ తర్వాత, ముందు బూట్ల సంగతి చూడండి! చాలామంది స్కీయింగ్ మానేసేది బూట్ల వల్లే.

సైజు మోండోలో ఉంటుంది, అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. మడమ గోడకి ఆనించి నిలబడి, పొడుగాటి వేలి దాకా కొలవండి. 26, 26.5 రెండిటికీ పైపెంకు ఒకటే, అరసైజు కోసం కొట్లాడక్కర్లేదు. సన్నటి మేజోడు ఒక్కటే వేయాలి. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దోపితే ఆ మడత పిక్క ముందెముకని గంటలో కమిలిస్తుంది. నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. వంచినప్పుడు మడమ పైకి లేస్తే బూటు పెద్దది. "వదులుగా ఉంటే హాయి" అని తీసుకుంటే పాదం తిరుగుతుంది, స్కీ తిరగదు. మీ కుడి మలుపు రాకపోవడానికి కారణం ఇదే అయినా ఆశ్చర్యం లేదు.

అద్దె ఫారంలో బరువు, ఎత్తు, వయసు, స్కీయర్ రకం రాయాలి. రకం దగ్గర "1" (నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లేవాళ్లది) అని రాయండి, మొహమాటపడకండి. బరువు ఎక్కువ రాస్తే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగిసి, పడినప్పుడు ఊడదు, మోకాలు పోతుంది. తక్కువ రాస్తే మలుపు మధ్యలోనే ఊడిపోతుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. బూటు బిగుతని వేరే సైజు మార్చుకుంటే బూటు అడుగుభాగం పొడవు మారుతుంది. బూటు ఒక్కటే పట్టుకుని బయటికి రాకండి, స్కీలు కూడా ఇచ్చి బైండింగ్ మళ్లీ సెట్ చేయించాలి. ఆ పొడవు మిల్లీమీటర్లలో బూటు మడమ పక్కన అచ్చువేసి ఉంటుంది.

జవాబు 4

ఒకటో జవాబులో గ్రీన్ అన్నారు. ఆల్ప్స్‌కి వెళ్లేవాళ్లు జాగ్రత్త. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో సాధారణంగా గ్రీనే ఉండదు, సులువైనది బ్లూ, ఆ పైన రెడ్, బ్లాక్. ఫ్రాన్స్‌లో బ్లూ కింద గ్రీన్ ఉంటుంది. కాబట్టి బ్లూ అంటే సులువే.

జవాబు 1 రాసినవారు

ఉత్తర అమెరికాలో బ్లూ చతురస్రం మధ్యస్థం సార్. కుడికి తిరగలేని మనిషిని బ్లూ ఎక్కిస్తే స్కీలు భుజాన వేసుకుని నడిచి దిగాలి. రంగు ఆ కొండలో మిగతా దారులతో పోల్చి వేసేదే, ఒక కొండ గ్రీన్ ఇంకో కొండ గ్రీన్ ఒకటి కావు.

జవాబు 4 రాసినవారు

నేనన్నదీ అదే కదండీ. ఏ దేశమో చూసుకోమన్నాను.

జవాబు 5

రంగుల గొడవ పక్కన పెట్టి, రీఫండ్ కౌంటర్ దగ్గర మనవాళ్లు ఇరుక్కునే తంతు ఒకటుంది, అది వినండి. ఆల్ప్స్‌లో స్కీ స్కూలు వేరు, లిఫ్టులు నడిపే కంపెనీ వేరు, అద్దె దుకాణం ఇంకా వేరు. ఉత్తర అమెరికాలో సాధారణంగా మూడూ కొండ నడిపే కంపెనీవే. ఈ తేడా తెలియక ఆల్ప్స్‌లో ఆరు రోజుల పాస్, ఆరు రోజుల పాఠాలు ఇంట్లో కూర్చునే కొనేస్తారు. తీరా వెళ్తే టీచరు మొదటి రెండు రోజులూ, నిలబడితే పైకి తీసుకెళ్లే కన్వేయర్ పట్టీ దగ్గరే ఉంచుతాడు, చాలాచోట్ల దానికి పాస్ అక్కర్లేదు. పాస్ వెనక్కివ్వమంటే లిఫ్టువాళ్లు "స్కూల్ని అడగండి" అంటారు, స్కూలువాళ్లు "పాస్ మేం అమ్మలేదే" అంటారు. క్యూలో ఒక పూట పోతుంది, పైసా రాదు. చేయాల్సింది ఒక్కటే. కొనకముందు స్కూలుకి మెయిల్ పెట్టండి: "మొదటి రోజు లిఫ్ట్ పాస్ అవసరమా, ఏ రోజు నుంచి అవసరం?" సూటిగా జవాబిస్తారు.

బీమా కూడా అంతే. మామూలు ప్రయాణ బీమాలో మంచు క్రీడలు చాలాసార్లు ఉండవు, విడిగా చేర్చుకోవాలి. ఆల్ప్స్‌లో చాలాచోట్ల స్కీ దారి మీంచి రక్షక సిబ్బంది దింపినా బిల్లు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. ఇద్దరికీ బిగినర్ ప్యాకేజీలే తీసుకుంటాం, పాస్ ఈసారికి వద్దు. పాప సంగతి?

జవాబు 2 రాసినవారు

పిల్లల పాఠాలు అందరికంటే ముందు నిండిపోతాయి, ఇవాళే చూడండి. చిన్నపిల్లలకి టికెట్ ఉచితమైనా కార్డు మాత్రం తీసుకోవాలి, లేకపోతే గేటు తెరుచుకోదు. కార్డు జాకెట్ ఎడమ జేబులో ఒంటరిగా ఉండాలి, పక్కన ఫోన్ ఉంటే గేటు చదవకపోవచ్చు. పాఠానికి గంటన్నర ముందు చేరండి, వీలైతే ముందురోజు సాయంత్రమే సామాను తీసుకోండి. పాపకి జీన్స్ వేయకండి, తడిస్తే ఆరదు. చేతికర్రలు అడగకండి, మొదట్లో అడ్డమే.

జవాబు 3 రాసినవారు

టి-బార్ (స్కీలు నేల మీదే ఉండగా మనల్ని పైకి లాగే కడ్డీ లిఫ్టు) ఉన్న చోటైతే ఒక్క మాట. దాని మీద కూర్చోకూడదు, మోకాళ్లు కాస్త వంచి నిలబడితే అదే లాగుతుంది. పడిపోతే పట్టుకుని వేలాడకుండా వదిలేసి పక్కకి దొర్లండి, వెనకాల ఇంకొకరు వస్తుంటారు.