హనుమకొండ ఫొటోగ్రాఫర్ నెగటివ్‌లు: గుళ్ళ బొమ్మలే ఉంచాలా, వీధుల బొమ్మలు కూడానా?

మట్టెవాడ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పెదనాన్న హనుమకొండ చౌరస్తా దగ్గర చాలాకాలం ఫొటో స్టూడియో నడిపారు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫొటోలు ఆయనకు బతుకుదెరువు. పెళ్ళి ఫిల్ము రోలులో మిగిలిపోయిన నాలుగైదు ఫ్రేములనూ, సొంత డబ్బుతో కొన్న రోళ్ళనూ మాత్రం ఊరి కోసమే వాడారు. ఆజంజాహి బట్టల మిల్లు గేటు ముందు షిఫ్టు మారే వేళ సైకిళ్ళ గుంపు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశుల మధ్య ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకున్న హమాలీలు, కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేస్తున్న చేతులు, కాజీపేట ప్లాట్‌ఫారం మీద మూటలకు ఆనుకొని నిద్రపోతున్న కుటుంబాలు, పోచమ్మ మైదాన్‌లో వాననీళ్ళలో ఆగిపోయిన రిక్షాలు, ఇట్లా 1970ల నుంచి 2000ల మొదటి సంవత్సరాల దాకా తీసినవి ఉన్నాయి. ఎక్కువ భాగం నలుపు తెలుపు, చివరి కాలానివి రంగుల్లో ఉన్నాయి.

స్టూడియో గది ఖాళీ చేయవలసి వచ్చింది. వేయిస్తంభాల గుడి, వరంగల్ ఖిల్లాలోని కాకతీయ తోరణాలు, రామప్ప గుడి, భద్రకాళి చెరువు ఉన్న బొమ్మలను మాత్రం స్కాన్ చేయించి మిగిలినవి వదిలేద్దామని ఇంట్లో కొందరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు కాని, వారికి చెప్పడానికి తగిన కారణం కావాలి. పెదనాన్న ఎనభైకి దగ్గరపడ్డారు. చూపు తగ్గింది కాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

గ్రంథాలయ సేవకుడు (విశ్రాంత)

మీకు మనసొప్పకపోవడమే సరైనది. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, ఇప్పటికీ ఉంది, ఎవరు వెళ్ళినా బొమ్మ తీసుకోవచ్చు. కాకతీయ తోరణం రాష్ట్ర చిహ్నంలోకే చేరింది, రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటి బొమ్మలకు కొదవ లేదు. ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది, తర్వాత ఆ కట్టడాలను చాలావరకు కూల్చివేశారు. ఆ గేటు ముందు సైకిలు పట్టుకొని నిలబడ్డ మనుషుల బొమ్మను మళ్ళీ తీయగలవారు ఎవరూ లేరు. మీ ఇంట్లో పెద్దలకు ఈ ఒక్క తేడా చెబితే చాలునని నా అభిప్రాయం.

ఇక పని విషయానికి వస్తే, స్కానర్ కంటే ముందు మీ పెదనాన్న గారి పక్కన కూర్చోండి. నెగటివ్ కవర్ల మీద ఆయన పెన్సిలుతో రాసుకున్న మాటలను, ‘ఎనుమాముల, సంత, ఎండ ఎక్కువ’ వంటి పొడి మాటలైనా సరే, ఉన్నవి ఉన్నట్టుగా ఒక నోటు పుస్తకంలోకి ఎత్తి రాయండి. ఒక రోలులోని ఫ్రేములను వరుస తప్పించవద్దు. బతుకమ్మలన్నీ ఒకచోట, మార్కెట్లన్నీ ఒకచోట అని విడగొట్టాలనిపిస్తుంది, కాని ఆయన ఆ రోజు ఏ దారిన నడిచారో, దేని తర్వాత దేనిని చూశారో చెప్పేది ఆ వరుస ఒక్కటే. తెగిపోయిందంటే దాన్ని తిరిగి కట్టడం ఆయనకు కూడా కష్టమే. చూపు తగ్గిందన్నారు కనుక ఒక్కొక్క ఫ్రేమును ఫోనుతో తీసి, రంగులు తిరగేసి, పెద్ద తెర మీద చూపించండి. ఆయన మాట్లాడుతుంటే రికార్డు చేయండి. ఫలానా వీధి అని మాత్రమే అడగకుండా, ఆ మూల టీకొట్టు ఎవరిది, ఎదురుగా ఏముండేది, ఆ వేళకు అక్కడికి ఎందుకు వెళ్ళారు అని అడగండి.

తేదీ తెలియని వాటికి బొమ్మలోనే ఆధారాలు దొరుకుతాయి. గోడ మీది సినిమా పోస్టరు కాలాన్ని చాలా దగ్గరగా చూపిస్తుంది, పాత సినిమా రెండోసారి ఆడినదేమో అని మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. దుకాణం బోర్డు మీద ఫోను నంబరులో ఎన్ని అంకెలున్నాయో చూడండి. బండి మీద ‘ఏపీ 36’ అని ఉంటే అది 1988 మోటారు వాహనాల చట్టం తర్వాతి బొమ్మ. స్థలం పేరు రాసేటప్పుడు ఆయన రాసిన పేరును అలాగే ఉంచి, పక్కన నేటి జిల్లా పేరు చేర్చండి. 2016 విభజన తర్వాత పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగా మారింది, రేపు వెతికేవారికి ఇదొక చిక్కు.

వరంగల్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు బతుకమ్మనూ పల్లె జీవితాన్నీ ఏళ్ళ తరబడి కెమెరాతో పట్టుకున్నారు. నగరపు రోజువారీ బతుకును ఇంతకాలం అదే పనిగా తీసిన మీ పెదనాన్న గారి పని కూడా ఆ గౌరవానికి తగినదే.

పాత ల్యాబు మనిషి

పై వారు చెప్పిన దానికి ఫిల్ము సంగతి చేరుస్తాను. ముందుగా కవర్లు తెరిచి వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లని వాసన వస్తుంటే ఫిల్ము పట్టీలోని అసిటేట్ అనే ప్లాస్టిక్ చెడిపోతున్నదని అర్థం. దాని నుంచి వెలువడే ఆవిరి పక్కనున్న మంచి నెగటివ్‌లను కూడా పాడుచేస్తుంది కనుక అటువంటి వాటిని ఆ రోజే వేరు చేసి, వాటినే ముందు స్కాన్ చేయాలి. ఆ తర్వాతి వంతు రంగు నెగటివ్‌లది. అవి కొత్తవి కదా అని చివరకు నెట్టేస్తుంటారు. నిజానికి నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, సరిగ్గా కడిగి ఉంటే దశాబ్దాలు నిలుస్తుంది. రంగు ఫిల్ములో నిలిచేది వట్టి రంగే, చీకట్లో ఉంచినా మెల్లగా వెలిసిపోతుంది.

మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మన ఎండలకు ఫిల్ముకు అంటుకుపోతాయి, వాటిని తీసేసి పాలీప్రొపిలీన్ కవర్లు గాని ఆమ్లం లేని కాగితపు కవర్లు గాని వాడండి. అంటుకున్నదాన్ని బలవంతంగా లాగవద్దు. దుమ్మును రబ్బరు బల్బుతో ఊదాలి తప్ప తడిగుడ్డతో తుడవకూడదు, బూజు పట్టిన నెగటివ్‌ను తడిపితే బొమ్మ పొరే ఊడి వస్తుంది. డబ్బాల్లో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేసి, వాటిని తరచూ మార్చండి. డబ్బాలను నేలమట్టం గదిలో మాత్రం పెట్టవద్దు. 2023 జూలై వానలకు హనుమకొండలో ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయో మనమంతా చూశాం.

35 మి.మీ. ఫ్రేమును 4000 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) వద్ద స్కాన్ చేస్తే సుమారు 2 కోట్ల పిక్సెళ్ళ బొమ్మ వస్తుంది. 6×6 సెం.మీ. నెగటివ్‌లకు 2400 సరిపోతుంది. అసలు ప్రతిని వివరాలేవీ పోని టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి వేరుగా చిన్న జేపెగ్ ఫైలు తీసుకోండి. గీతలు చెరిపి, ముఖాలు నునుపు చేసే పనులను అసలు ప్రతి మీద చేయవద్దు. స్కాన్ అయిపోయిందని నెగటివ్‌లను పారేయకండి.

దేశాయిపేట న్యాయవాది

బొమ్మల మీది కాపీరైటు హక్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. తన ఇష్టంతో తీసిన వీధి బొమ్మలకు మీ పెదనాన్న గారే హక్కుదారు, 2012 సవరణ తర్వాత ఆ హక్కు ఆయన జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్ళూ ఉంటుంది. డబ్బు తీసుకొని తీసిన పెళ్ళి ఫొటోల సంగతి వేరు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, వాటి హక్కు తీయించుకున్న వారిది. ఈ రెండింటినీ మొదటి నుంచీ వేరు డబ్బాల్లో పెట్టండి, ఒకే రోలులో రెండూ ఉంటే జాబితాలో గుర్తు పెట్టండి. బొమ్మలను ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వదలచుకుంటే నెగటివ్‌లు ఇస్తున్నారా, ప్రతులు మాత్రమేనా, ముద్రించే అనుమతి ఎవరిది అనే మూడు సంగతులూ ఆయన సంతకంతో ఇప్పుడే రాయించుకోండి.

మిల్లు క్వార్టర్ల ఆడబిడ్డ

మా నాన్న ఆజంజాహి మిల్లులో పని చేశారు. ఆయన పనికి పోతున్నప్పటి బొమ్మ మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు, ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో చొక్కా ఇస్త్రీ చేసుకొని నిలబడినవే. మీ పెదనాన్న గారు తీసిన గేటు బొమ్మలను మా పాత క్వార్టర్ల వారికి ఒకసారి చూపించగలరా? చాలామంది ముఖాలను మేము గుర్తుపట్టగలం, పేర్లు చెప్పగలం. ఒక్క మనవి. ఆసుపత్రి ఆవరణలో, సమ్మెల్లో, పంట సరిగా రాని రైతుల ముఖాలను తీసినవి ఉంటే, ఆ కుటుంబాలను అడగకుండా ఫోన్లలో తిప్పవద్దు.

మట్టెవాడ వాసి

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులు ఇంట్లో చదివి వినిపించాను, అన్ని డబ్బాలనూ మా మేడ మీది గదికి చేర్చడానికి ఒప్పుకున్నారు. పుల్లని వాసన ఉన్న కవర్లు కొన్ని కనబడ్డాయి, వాటిని వేరు చేశాను. మిల్లు రోళ్ళను ముందు చూద్దామని పెదనాన్నే అన్నారు. అక్కా, మీ క్వార్టర్ల వారికి ఏ రోజు వీలవుతుందో చెప్పండి, ఆయనను తీసుకొని నేనే వస్తాను.