అత్తగారి పేరున ఉన్న ఇంట్లో అక్కకు హక్కు ఉంటుందా? పిల్లల మాటేమిటి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక చెల్లెలు):
దెబ్బలు భరించలేక మా అక్క ఆరేళ్ల పాపను వెంటబెట్టుకుని గుంటూరు నుంచి పుట్టింటికి వచ్చి రెండు నెలలైంది. ఎనిమిదేళ్ల బాబును మాత్రం అత్తవారు పంపలేదు. ఇల్లు తన తల్లి పేరున ఉన్నందున అక్కకు అందులో ఏ హక్కూ లేదని, కేసు వేసినా గుంటూరులోనే వేసుకోవాలని బావగారు అంటున్నారు. పాపను ఇక్కడ చేర్పించిన బడి గేటు దగ్గరకు ఆయన రెండుసార్లు వచ్చి నిలబడటంతో, అక్క రోజూ చివరి గంట కొట్టకముందే అక్కడికి చేరుకుంటోంది. ఏం చేయాలి?

జవాబు (న్యాయవాది):
బావగారు చెప్పిన రెండూ సరికావు. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం మీ అక్కగారు తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోని మేజిస్ట్రేటు కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు. భర్త బంధువుల పేరున ఉన్న ఇల్లయినా, ఆమె అక్కడ కాపురమున్నదైతే ఉమ్మడి నివాసం (అంటే ఆమెకు ఉండే హక్కున్న ఇల్లు) కావచ్చునని 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే అత్తగారిని ఇంటి నుంచి పంపించే ఉత్తర్వు రాదు. కలిసి ఉండటం కుదరనప్పుడు భర్త చేత వేరే ఇంటి అద్దె కట్టించమని కోరడమే మేలని నా అభిప్రాయం.

జవాబు (మరో న్యాయవాది):
ఇంటి సంగతి నిదానంగా తేలినా ఫరవాలేదు, పిల్లల సంగతి ఆగదు. బాబు తాత్కాలిక సంరక్షణను 21వ సెక్షన్ కింద, బడి దగ్గరకు రాకుండా రక్షణ ఉత్తర్వును 18వ సెక్షన్ కింద అదే దరఖాస్తులో కోరండి. అఫిడవిట్ చూసి, అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం 23వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది కనుక, గేటు దగ్గర జరిగినదాన్ని "వేధిస్తున్నాడు" అని ముక్తసరిగా కాక తేదీలతో రాయించాలి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

జవాబు (ఈ దారిలో నడిచిన ఒకామె):
అరవై రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా నా కేసు పద్నాలుగు నెలలు సాగింది. మధ్యంతర భరణమే మమ్మల్ని నిలబెట్టింది. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపుతారు.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బావగారు వచ్చిన రెండు తేదీలనూ పాప డైరీలో టీచరుగారు రాసి సంతకం చేశారని ఇప్పుడే చూశాము. సోమవారం ఆ డైరీతోనే వెళ్తాము.