రాత్రి పడుకునే ముందు కట్టెల పొయ్యికి గాలి తగ్గించవచ్చా?

మంచుగడప (ప్రశ్న)
అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని వెర్మాంట్‌లో ఉంటున్నాం. సొంతింట్లో ఇదే మొదటి చలికాలం. హాల్లో పాత ఇనప కట్టెల పొయ్యి ఉంది, ఇంటితోపాటే వచ్చింది. హీటింగ్ ఆయిల్ ఖర్చు తట్టుకోలేక రాత్రిళ్లు దాన్నే వాడుతున్నాం. పదింటికి నిండా మొద్దులు పెట్టి గాలి మీట దాదాపు మూసేస్తే పొద్దున ఆరింటికి కూడా నిప్పు ఉంటోంది. అది చూసి పక్కింటాయన "అలా చేయకు, పొగగొట్టం అంటుకుంటుంది" అన్నారు. ఆయన రాత్రి పొయ్యి ఆరిపోనిస్తారట. మాకు రెండేళ్ల పాప ఉంది. బయట మైనస్ 20. పొయ్యి ఆరితే నాలుగింటికల్లా గది చల్లబడిపోతోంది. మీరేం చేస్తున్నారు?

కట్టెలమోపు
మీ పక్కింటాయన మాట వినండి. మెయిన్ రాష్ట్రంలో నాకిది పన్నెండో చలికాలం, మొదట్లో నేనూ మీలాగే చేశాను. గాలి అందని కట్టె మండదు, పొగలుతుంది. ఆ పొగలో కాలని తారు, నీటి ఆవిరి ఉంటాయి. గొట్టంలో వేడి 120 డిగ్రీల కంటే తగ్గితే అవి గోడలకు పట్టేస్తాయి. దాన్నే క్రియోసోట్ అంటారు. ముందు మసిలా ఉంటుంది, తర్వాత పెచ్చులు కడుతుంది, చివరికి నల్లటి గాజులా గట్టిపడి బ్రష్‌కు కూడా ఊడదు. ఎప్పుడో ఒకరోజు పొద్దున్నే గట్టిగా మంట వేస్తే అదే అంటుకుంటుంది. మా ఇంట్లో రెండో చలికాలంలో అంటుకుంది. గొట్టంలో రైలు పోతున్నట్టు హోరు. పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని మంచులోకి పరిగెత్తాం. ఇప్పటికీ ఆ హోరు గుర్తొస్తే నిద్ర పట్టదు.

గాలి తగ్గించొద్దని కాదు, ఎప్పుడు తగ్గిస్తున్నారన్నదే ముఖ్యం. పడుకోవడానికి గంట ముందే మొద్దులు పెట్టండి. మీట పూర్తిగా తెరిచి 20, 30 నిమిషాలు బాగా మండనివ్వండి. మొద్దులన్నీ పైన నల్లగా కాలాక కొంచెం కొంచెంగా తగ్గించండి. మంట మాత్రం ఆరకూడదు. బయటికెళ్లి గొట్టం చూడండి, దట్టమైన పొగ కనిపిస్తే మీట మళ్లీ తెరవాల్సిందే.

హడ్సన్‌గట్టు
అన్నా, అన్ని పొయ్యిలకూ ఒకే మాట చెప్తే ఎలా? మాది క్యాటలిటిక్ పొయ్యి. లోపలున్న జల్లెడలాంటి బిళ్ల సుమారు 260 డిగ్రీలకు చేరాక పొగనే కాల్చేస్తుంది. అసలు దాన్ని తయారు చేసిందే సన్నగా, ఎక్కువసేపు మండడానికి. మేం రాత్రంతా మీట తగ్గించే ఉంచుతాం, ఏటా గొట్టం తుడిపిస్తే చారెడు మసి కూడా రాదు. 2020 నుంచి ఇక్కడ అమ్మే కొత్త పొయ్యిలకు గంటకు 2 గ్రాముల పొగ కణాలే పరిమితి, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5. మంచుగడప గారూ, మీ పొయ్యి వెనక పొగ పరిమితి పరీక్ష పాసైందని చెప్పే లేబుల్ ఉందేమో చూడండి. లేకపోతే మాత్రం అన్న చెప్పినట్టే చేయండి.

కట్టెలమోపు
@హడ్సన్‌గట్టు ఒప్పుకుంటాను తమ్ముడూ, నీ పొయ్యి వేరు. కానీ ఎంత మంచి పొయ్యి అయినా పచ్చి కట్టె పెడితే పని చేయదు. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఓక్ మొద్దులు చీల్చి పేర్చాక రెండేళ్లు ఎండాలి. "ఎండినవే" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి, మొద్దును అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద మీటర్ పెట్టి చూడండి. పైన ఎండినట్టే ఉంటుంది, తేమంతా లోపలే ఉంటుంది.

పాడేరుబిడ్డ
మీరంతా గొట్టం గురించే మాట్లాడుతున్నారు. నాకు అంతకంటే భయం కార్బన్ మోనాక్సైడ్. మా పాడేరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కుంపటి చుట్టూ కూర్చునేవాళ్లం. మా అమ్మమ్మ మాత్రం పడుకునే ముందు కుంపటిని వరండాలోకి జరిపేది. "నిప్పును గదిలో పెట్టుకుని కళ్లు మూయకూడదే" అనేది. ఆమెకు ఆ వాయువు పేరు తెలియదు, కానీ తలుపులు మూసి కుంపటితో పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదని తెలుసు.

పొయ్యికి గొట్టం ఉందిగా అంటారు. మంట ఆరి బొగ్గులు మిగిలినప్పుడే ఆ వాయువు ఎక్కువగా పుడుతుంది. సరిగ్గా అప్పుడే గొట్టం చల్లబడి పైకి లాగడం తగ్గుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పాప ఉన్న ఇల్లు కదా, రాత్రి ఆయిల్ హీటింగ్ 16 దగ్గర పెట్టుకుని పడుకోండి. ఖర్చయితే అయింది.

కట్టెలమోపు
అక్కా, మీ భయం సరైనదే. అలారం లేకుండా పొయ్యి వెలిగించడం తప్పు. పడకగదుల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాల్సిందే. కానీ కుంపటి పొగ గదిలోకే వస్తుంది, పొయ్యి పొగ బయటికి పోతుంది, రెండూ ఒకటి కాదు. ఆయిల్ హీటింగ్‌కు కూడా కరెంటు కావాలి. 1998 జనవరి మంచు తుఫానులో మెయిన్‌లో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి రాకముందే ఈ పొయ్యిని భద్రంగా నడపడం నేర్చుకోవాలని నా పట్టుదల.

ఉత్తరకాంతి
మాది అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్. ఇక్కడ గాలి కదలని చలి రాత్రుల్లో పొగ పైకి పోదు, ఊరి మీదే పరుచుకుంటుంది. గాలి బాగాలేని రోజుల్లో కట్టెల పొయ్యిలు వెలిగించొద్దని ఆంక్షలు పెడతారు. మా అబ్బాయికి ఆస్తమా. రాత్రంతా పొగలించే పొయ్యి పక్కింట్లో ఉంటే మాకు నరకమే. పొగ వెళ్లేది మీ గొట్టంలోంచే అయినా, పీల్చేది అందరం. దయచేసి అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మంచుగడప (ప్రశ్న)
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు మీటర్ కొని ఒక మొద్దు చీల్చి చూశాను. 31 శాతం! లేబుల్ ఎక్కడా లేదు. గొట్టం తుడిచేవాళ్లు గురువారం వస్తున్నారు, అప్పటిదాకా పొయ్యి వెలిగించడం లేదు. అలారాలు రెండు పెట్టాం. పాప మంచం మా గదిలోకి మార్చాం, అక్కడ ఆయిల్ హీటింగ్ వేసి హాలు చల్లగానే వదిలేస్తున్నాం. @పాడేరుబిడ్డ అక్కా, మీ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. పాప పుట్టకముందు తను లంబసింగిలో టీచరుగా చేసింది, అక్కడివాళ్లూ కుంపటిని బయటపెట్టే పడుకునేవాళ్లట.

ఒక్క సందేహం మిగిలింది. ఈ తడి మొద్దుల్ని కప్పు ఉన్న చోట పేర్చితే వచ్చే చలికాలానికి ఎండుతాయా?

కట్టెలమోపు
పైన మాత్రమే కప్పండి, పక్కలు గాలికి వదిలేయండి. ఓక్ అయితే వచ్చే ఏడాదికీ అనుమానమే. ఈలోగా యాష్ చెట్టు కట్టె దొరికితే కొనండి, పచ్చిగా ఉన్నప్పుడే దానిలో తేమ తక్కువ. గురువారం గొట్టంలోంచి ఏం రాలిందో ఫోటో పెట్టండి.